మా అమ్మాయి బెర్లిన్ డ్యాన్సర్‌తో కలిసి ప్రదర్శన చేస్తుందట, పంపమంటారా?

ప్రశ్న: మాది పోచంపల్లి దగ్గర ఊరు. నేను మగ్గం నేస్తాను, మా ఆవిడ ఇరవై ఏళ్లు చేత్తో ఆసు పోసింది (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి పోగులు వరస చేసే పని). అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఆఖరు సంవత్సరం. కిందటేడు ఒక వర్క్‌షాప్‌లో బెర్లిన్ నుంచి వచ్చిన డ్యాన్సర్ పరిచయమైంది. ఇద్దరూ కలిసి ఆసు పోసే పని మీద ఒక ప్రదర్శన చేశారు. గది నిండా నూలు పోగులు కట్టి, మధ్యలో నిలబడి మూడు గంటలు చేతులు ఆడించారు. నాకు అర్థం కాలేదు గానీ మా ఆవిడ చూసి ఏడ్చింది. ఇప్పుడు ఆ డ్యాన్సర్ మూడు నెలలు బెర్లిన్ రమ్మంటోంది. టికెట్, ఉండటానికి చోటు ఇస్తారట, డబ్బు సంగతి ఏమీ రాయలేదు. దీన్ని పెర్ఫార్మెన్స్, ఇన్‌స్టలేషన్ ఆర్ట్ అంటారని అమ్మాయి చెబుతోంది. ఇది బతుకుతెరువేనా? డ్రాయింగ్ టీచర్ ట్రైనింగ్ చేయిద్దామని మా ఆలోచన. సంబంధాలు కూడా వస్తున్నాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: అన్నగారూ, మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద సంగతి మీ ఆవిడ ఏడవడం. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసేసి ముందుకు వెళ్లిపోయారు. దాని గురించి ఆఖర్న మాట్లాడతాను, ముందు మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను.

ఇదొక్కటే పట్టుకుంటే నెలనెలా ఇల్లు గడవదు. మొదటి అయిదారేళ్లు అసలే గడవదు. అలాగని ఇది కాలక్షేపం కూడా కాదు. మనిషి ఒంటితో, సమయంతో చేసేది పెర్ఫార్మెన్స్, చోటునే బొమ్మగా మార్చేది ఇన్‌స్టలేషన్. ఈ రెండింటి మీదే నిలబడిన కళాకారులు మన దేశంలో ఉన్నారు. గోవాలో ఉండే నిఖిల్ చోప్రా 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొమ్మిది రోజుల పాటు ప్రదర్శన చేశాడు. ఆయన ఫ్రాన్స్ నుంచి వచ్చిన రొమాఁ లూస్తోతో, మాధవీ గోరెతో కలిసి గోవాలో హెచ్‌హెచ్ ఆర్ట్ స్పేసెస్ అనే కళాకారుల వేదిక పెట్టాడు, 2025 డిసెంబరులో మొదలైన కొచ్చి బియెన్నాలే అనే పెద్ద కళా ప్రదర్శనకు క్యూరేటర్లు, అంటే పనుల్ని ఎంచి కూర్చేవాళ్లు, వాళ్లే. కాబట్టి దారి ఉంది. మీ అమ్మాయి ఆ దారిలో ఎవరి చెయ్యి పట్టుకుని, ఏ షరతు మీద నడుస్తోందన్నదే నాకు ముఖ్యం.

మీ మగ్గం లెక్కలోనే అడుగుతాను. కూలి నేతకూ సొంత నేతకూ తేడా మీకు నేను చెప్పేదేముంది. మాస్టర్ వీవర్ నూలిస్తాడు, డిజైన్ ఇస్తాడు, మీరు నేసి ఇస్తే కూలి వస్తుంది, చీర ఆయన పేరు మీద అమ్ముడుపోతుంది. సొంత నేతలో రిస్కూ మీదే, చీరా మీదే. వేరే దేశం కళాకారులతో కలిసి చేసే పనిలో కూడా సరిగ్గా ఈ రెండే రకాలుంటాయి, కాకపోతే అక్కడ రెండింటినీ కొలాబరేషన్ అనే ఒక్క మాటతోనే పిలుస్తారు, అందుకే పిల్లలకి తేడా తెలియదు. ఇక్కడ చూడండి: ఆసు మీ ఇంటిది, నూలు మీది, ఆ చేతి కదలిక మీ ఆవిడది. డ్యాన్సర్ తెచ్చింది తన శరీర శిక్షణ, పరిచయాలు, బెర్లిన్‌లో ఒక వేదిక. ఇద్దరి పెట్టుబడీ సమానమే అనుకోండి, మరి పోస్టర్ మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజులో ఉంటాయా? ఆ ప్రదర్శన తర్వాత పారిస్ వెళ్తే మీ అమ్మాయిని పిలుస్తారా, లేక ఆ డ్యాన్సర్ ఒక్కతే వెళ్లి చేస్తుందా?

ఆ డ్యాన్సర్ మోసం చేస్తుందని నేను అనడం లేదు, మంచిదే అయి ఉండొచ్చు. స్నేహం బాగున్నప్పుడు ఈ మాటలు అడగడానికి మొహమాటం, స్నేహం చెడ్డాక అడగడానికి ఆధారం ఉండదు. మరీనా అబ్రమోవిచ్ బెల్‌గ్రేడ్ అమ్మాయి, ఉలాయ్ జర్మన్. ఈ రంగంలో ఈ ఇద్దరి పేరు తెలియనివాళ్లు ఉండరు. 1976 నుంచి 1988 వరకు పన్నెండేళ్లు కలిసి బతికారు, కలిసి పనిచేశారు. ఆఖరి పనిగా చైనా గోడ మీద ఆమె తూర్పున సముద్రం వైపు నుంచి, ఆయన పడమటి ఎడారి వైపు నుంచి తొంభై రోజులు నడిచి మధ్యలో కలుసుకుని, అక్కడే విడిపోయారు. 1999లో పాత పనుల మీద ఎవరికెంత వాటా అని కాగితం రాసుకున్నారు. ఆ కాగితం ప్రకారం నడవలేదని ఉలాయ్ 2015లో కోర్టుకెక్కాడు. మరుసటేడు ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు ఆయనకు రెండున్నర లక్షల యూరోలకు పైగా ఇవ్వమంది. అంతేకాదు, 1980 వరకు చేసిన పనులకు ఉలాయ్ పేరు ముందు, ఆ తర్వాతి వాటికి అబ్రమోవిచ్ పేరు ముందు వెయ్యాలని పేర్ల వరస కూడా తేల్చింది. పన్నెండేళ్లు ఒకే కప్పు కింద బతికినవాళ్లకే కాగితం అవసరమైందంటే, ఏడాది పరిచయానికి అవసరం లేదని ఎలా అనుకుంటాం?

పేరు సంగతిలో మరో జంట. క్రిస్టో బల్గేరియాలో పుట్టాడు, జీన్ క్లాడ్ మొరాకోలోని కాసాబ్లాంకాలో పుట్టింది, ఇద్దరూ 1935 జూన్ 13నే పుట్టారు. 1991లో జపాన్‌లో 1,340 నీలం గొడుగులు, కాలిఫోర్నియాలో 1,760 పసుపు గొడుగులు ఒకేసారి విప్పి నిలబెట్టారు. అంత పనిలో ఆమె సగం మోసినా, 1994 దాకా ఈ పనులన్నీ క్రిస్టో పేరు మీదే నడిచాయి, ఆ ఏడాదే పాతవాటికి కూడా ఇద్దరి పేర్లూ అని ప్రకటించారు. వాళ్లు మొగుడూ పెళ్లాలు కాబట్టి సర్దుకున్నారు.

నా దగ్గర సలహా తీసుకున్న ఒక అబ్బాయి విషయంలో మాత్రం సర్దుబాటు కాలేదు. చెక్క పని బాగా తెలిసినవాడు, విదేశీ ఆర్టిస్టుతో కలిసి ఒక పెద్ద ఇన్‌స్టలేషన్ చేశాడు, ఆలోచనలో సగం వాడిదే. కేటలాగ్ వచ్చాక చూస్తే వాడి పేరు థాంక్స్ చెప్పే జాబితాలో కార్పెంటర్ల మధ్య ఉంది. ముందు అడగలేదేంట్రా అంటే, అడిగితే బాగుండదేమో అనుకున్నాను మేడమ్ అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే అడగమని ముందే చెప్పాల్సినదాన్ని నేనే.

అందుకని మీ అమ్మాయి చేత ముందు ఒక ఈమెయిల్ పెట్టించండి, మర్యాదగానే, స్నేహంగానే. రోజువారీ ఖర్చులకు ఎంత ఇస్తారు, ప్రదర్శనకు ఫీజు ఎంత, ఇద్దరి పేర్లు ఎలా వేస్తారు, వీడియో తీస్తే అది ఎవరిది, ఇంకో ఊళ్లో చేస్తే ఇద్దరి ఒప్పుకోలూ ఉండాలా, ఒకరు మానేస్తే రెండోవాళ్లు ఒక్కరే చెయ్యొచ్చా. మన 1957 కాపీరైట్ చట్టంలో ఉమ్మడి కర్తృత్వం అని ఉంది, ఇద్దరి పనినీ విడదీసి చూపించలేనంతగా కలిసిపోతే అది ఇద్దరిదీ అవుతుంది, ప్రదర్శించేవాళ్లకు విడిగా హక్కులు కూడా ఉన్నాయి. కానీ పని జరిగేది జర్మనీలో కాబట్టి అన్నీ ఒప్పందంలోనే రాసుకోవడం మేలు. రెండు పేజీలు చాలు. పిలిచేది వ్యక్తి అయినా ఉత్తరం మాత్రం సంస్థ లెటర్‌హెడ్ మీద రావాలి. ఖర్చులకు డబ్బు లేదంటే వెళ్లొద్దనే చెబుతాను, బెర్లిన్‌లో మూడు నెలల తిండి ఖర్చు మీరు అప్పు చేసి పెట్టాల్సిన పని కాదు.

వీసా విషయంలో చాలామంది పిల్లలు దెబ్బతినే చోటు ఒకటుంది. షెంగెన్ (జర్మనీతో పాటు చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే) షార్ట్ స్టే వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి. మూడు నెలలంటే తొంభై రోజులే అనుకుంటాం, జూన్ ఒకటి నుంచి ఆగస్టు ఆఖరు దాకా లెక్కపెట్టండి, తొంభై రెండు వస్తాయి! తేదీలు ఎనభై అయిదు రోజులకు కుదించమనండి. 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఫీజు తీసుకుని ప్రదర్శన చేస్తే ఏ వీసా కావాలో ఆ సంస్థను, కాన్సులేట్‌ను ముందే అడగాలి. ఆసు, నూలు, ఇంకా సామాను ప్రదర్శనకు తీసుకెళ్లి వెనక్కి తెచ్చేటట్టయితే వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ వాళ్లిచ్చే ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంటుంది, కస్టమ్స్ దగ్గర సుంకం టెన్షన్ ఉండదు.

ఇక పని సంగతి. 2000లో ముంబయి కళాకారిణి నళినీ మలానీ జపాన్‌లోని ఫుకుఒకా ఏషియన్ ఆర్ట్ మ్యూజియంలో రెసిడెన్సీకి వెళ్లింది (రెసిడెన్సీ అంటే కొన్నాళ్లు ఉండి పనిచేసుకోవడానికి చోటు, ఖర్చులు ఇచ్చే ఏర్పాటు). అక్కడ బుటో అనే జపాన్ నృత్యం చేసే హరాదా నొబువోతో కలిసి ఒక వీడియో ఇన్‌స్టలేషన్ చేసింది. దాని ఆధారం ఒక జర్మన్ నాటకం, విషయం మన దేశంలో మతం పేరుతో జరిగే హింస, శరీరం జపాన్‌ది. ఎవరూ ఎవరికీ కూలి నెయ్యలేదు. ఆమె అప్పటికే సొంత పని చేతిలో పెట్టుకుని వెళ్లింది, అదే కిటుకు. మీ అమ్మాయి వెళ్లేలోపు తనొక్కతే చేసిన పనులు మూడో నాలుగో ఉండాలి, చిన్నవైనా సరే, ఫొటోలు, వీడియో, ఒక పేజీ రాత. లేకపోతే అక్కడ అందరూ ఆమెను డ్యాన్సర్‌తో వచ్చిన ఇండియా అమ్మాయిగానే చూస్తారు.

ఇంకొకటి మీ అమ్మాయితో కూర్చుని మాట్లాడండి. 2022లో జర్మనీలోని కాసెల్‌లో డాక్యుమెంటా అనే పెద్ద ప్రదర్శనను జకార్తాకు చెందిన రువాంగ్‌రుపా బృందానికి అప్పగించారు. వాళ్లు తెచ్చిన ఆలోచన లుంబుంగ్, అంటే ఊరంతా ధాన్యం పోసుకునే ఉమ్మడి గాదె. ఎంత మంచి ఆలోచన! కానీ అందులో మరో ఇండోనేషియా బృందం అప్పటికి ఇరవై ఏళ్ల కిందట వేసిన ఒక పెద్ద తెర కట్టింది, దానిలో యూదులను కించపరిచే బొమ్మలున్నాయని తీవ్రమైన గొడవై, ముందు నల్లగుడ్డ కప్పి తర్వాత తీసేశారు. ఎక్కడో గీసిన గీత ఇంకో దేశం చరిత్రలో ఎక్కడ తగులుతుందో తెలుసుకోవడం కూడా ఈ వృత్తిలో పనే. అటువైపు నుంచి కూడా ఇదే వర్తిస్తుంది. ఆసు పోసే ఆడవాళ్ల భుజం నొప్పి ఆ డ్యాన్సర్‌కి అందమైన కదలికగా మాత్రమే కనిపిస్తే ఆ పని అబద్ధమైపోతుంది. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు తిరుగుతుంది. వాళ్ల అమ్మ బాధ చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, ఆ కథ మీ ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలుసు, ఆ డ్యాన్సర్‌కి తెలుసా? అందుకే నా సలహా ఏమిటంటే, ముందు ఆమెనే రెండు మూడు వారాలు మీ ఊరికి రమ్మనండి, మీ ఇంట్లో కూర్చుని ఆసు నేర్చుకోనివ్వండి. హైదరాబాద్‌లోని జర్మన్ భాషా సంస్కృతుల కేంద్రం గోథె జెంట్రమ్‌ను కలిసి సాయం అడగొచ్చు. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ చేస్తేనే కలిసి చేసినట్టు.

డ్రాయింగ్ టీచర్ ఆలోచన తప్పు కాదు, కానీ ఆ మెట్టు దగ్గరే ఆపొద్దు. ఎంఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ) చేయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, బొమ్మలు, నాటకం, నృత్యం ఒకే ఆవరణలో దొరికే అలాంటి చోటు ఈ అమ్మాయికి సరిగ్గా సరిపోతుంది. బరోడా, శాంతినికేతన్ కూడా చూడండి. ఆ తర్వాత విజువల్ ఆర్ట్‌లో నెట్ పరీక్ష పాసైతే కాలేజీలో చెప్పొచ్చు. సూర్యాపేట వైపు పుట్టిన రవీందర్ రెడ్డి గారి పెద్ద పెద్ద తలల శిల్పాలు దేశదేశాల్లో ఉన్నాయి, ఆయన విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే అవి చేశారు. పాఠం చెప్పడం కాకుండా సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్, నాటకాల సెట్లు, మ్యూజియం ప్రదర్శనల డిజైన్, పిల్లల వర్క్‌షాపులు, ఇవన్నీ కలిపితేనే ఈ రంగంలో నెల గడుస్తుంది, ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఈ ఏడాదే రెసిడెన్సీలకు, గ్రాంట్లకు అప్లై చెయ్యడం అలవాటు చేసుకోమనండి. 1997లో మొదలై ఇప్పుడు ఢిల్లీ ఖిడ్కీలో ఉన్న ఖోజ్, కొచ్చి స్టూడెంట్స్ బియెన్నాలే, బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, ఇన్లాక్స్, స్విట్జర్లాండ్ వాళ్ల ప్రో హెల్వేషియా, పాతికేళ్లు దాటాక బ్రిటన్‌కు చార్లెస్ వాలెస్ ట్రస్ట్. పది రాస్తే ఒకటి రావచ్చు, రాకపోవచ్చు, కానీ రాసేకొద్దీ తన పని గురించి తను చెప్పుకోవడం వస్తుంది. ఇంగ్లీషు బాగా రాదని భయపడుతుంటే ఆ భయం వద్దు. చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి బయల్దేరిన కృష్ణారెడ్డి గారు పారిస్‌లో అచ్చుబొమ్మల కళాకారుడు హేటర్ నడిపిన స్టూడియోలో ముంబయి నుంచి వెళ్లిన కైకో మోతీతో కలిసి ఒకే ప్లేటు మీద పలురంగులు అచ్చువేసే పద్ధతి తేల్చారు, ప్రపంచమంతా దాన్ని నేర్చుకుంది. ఆయన అక్కడ మాట్లాడింది ముందు చేతులతోనే.

సంబంధాల గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఎంఎఫ్ఏ అయ్యేదాకా ఆగండి. వచ్చినవాళ్లకి అమ్మాయి ఏం చేస్తుందో దాచకుండా, వీలైతే ఆ వీడియో చూపించి చెప్పండి.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. ఆ కదలిక ఆమెది. ఇరవై ఏళ్లలో ఆమె భుజం నేర్చుకున్నది ఇద్దరు అమ్మాయిలు మూడు గంటలు చేశారు. ఒప్పందంలో ఇద్దరి పేర్లు ఉండాలని ఇంతసేపు చెప్పాను, మూడో పేరు ఆమెది ఉండాలి, నేర్పినందుకు ఫీజు కూడా ఉండాలి, ఎంత చిన్నదైనా సరే. ఈ మాట ఈమెయిల్‌లో మొదటి పేరాలోనే రాయమని మీ అమ్మాయికి చెప్పండి. దానికి అట్నుంచి ఏం జవాబు వస్తుందో చూసి, ఆ జవాబు నాకు పంపండి, టికెట్ బుక్ చేయించడం గురించి అప్పుడు మాట్లాడదాం.