మూడు వారాలు దాటిన దగ్గు: ఇంకా ఆగొచ్చా?

మీ నాన్నగారికి 58 ఏళ్లు, మూడు వారాలుగా దగ్గు, జ్వరం లేదు, మందుల షాపులో ఇచ్చిన సిరప్, యాంటీబయాటిక్ అయిపోయాయి, బీపీ మాత్ర కూడా వాడతారు అని రాశారు. ఇంకా ఆగకండి. మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా ముందు టీబీ కాదని తేల్చుకోవాలి. ఇంట్లో టీబీ రోగి ఉన్నా, హెచ్‌ఐవీ ఉన్నా ఆ రెండు వారాలు కూడా ఆగక్కర్లేదు.

జలుబు పోయాక మిగిలే దగ్గు మూడు వారాల దాకా, కొందరికి ఇంకా ఎక్కువ రోజులు ఉండొచ్చు, కానీ అది రోజురోజుకీ పలచబడుతుంది. అలాగే ఉండిపోయినా, తగ్గి మళ్లీ పెరిగినా అనుమానించాలి. జ్వరం లేదన్న ధైర్యం వద్దు. టీబీ జ్వరం చాలామందికి సాయంత్రం పూట సన్నగా వచ్చి పోతుంది, కొందరికి అసలు రాదు. ఆకలి తగ్గిందా, చొక్కా వదులైందా, రాత్రి చెమట పడుతోందా గమనించండి.

పీహెచ్‌సీలో గళ్ళ (కఫం) పరీక్ష ఉచితం. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. డబ్బాలో ఉమ్మి వేసి ఇస్తారు. దాంట్లో ఏమీ కనబడదు, ‘టీబీ లేదు’ అని ఇంటికెళ్లిపోతారు. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, మామూలు నీళ్లతో నోరు పుక్కిలించాలి. రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి, చిక్కటి గళ్ళ రెండు నుంచి ఐదు మి.లీ. డబ్బాలో పట్టాలి. ఆ పని ఆరుబయట, ఎవరూ దగ్గర లేనప్పుడు చేయాలి. సాధారణంగా అక్కడికక్కడ ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి అడుగుతారు. మైక్రోస్కోప్‌లో కనబడాలంటే ఒక్క మి.లీ.లోనే క్రిములు వేలల్లో ఉండాలి, అందుకే ట్రూనాట్ గానీ సీబీనాట్ గానీ (క్రిమి జన్యువును వెతికే పరీక్షలు) చేయించమని అడగండి. తక్కువ క్రిములున్నా పట్టేస్తాయి, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెబుతాయి. గళ్ళ రాని పొడి దగ్గయితే ఛాతీ ఎక్స్‌రేతో మొదలుపెట్టాలి. ఎక్స్‌రేలో నీడ ఉంటే గళ్ళ ‘నెగెటివ్’ వచ్చినా కథ అయిపోలేదు.

ఆ యాంటీబయాటిక్ స్ట్రిప్ మీద పేరు చూడండి. లెవోఫ్లాక్సాసిన్ లాంటివైతే డాక్టరుకు తప్పక చెప్పాలి. అవి టీబీ క్రిమిని కొంత అణచి, కొన్నాళ్లు దగ్గు తగ్గినట్టు చూపిస్తాయి, పరీక్షనూ తప్పుదోవ పట్టిస్తాయి. షాపువాళ్లు దాన్ని మామూలు దగ్గు మాత్రలా ఇచ్చేయడం నాకెప్పుడూ మింగుడుపడదు.

ఇక బీపీ మాత్ర. మందు పేరు ‘ప్రిల్’తో ముగిస్తే (ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్) గొంతులో గిలిగింతతో పొడి దగ్గు తెప్పించగలదు. మాత్ర మొదలుపెట్టిన నెలల తర్వాత కూడా రావచ్చు. సిరప్‌లతో పోదు. డాక్టరు టెల్మిసార్టాన్ లాంటిదానికి మారిస్తే ఎక్కువమందికి నాలుగు వారాల్లో తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది. సొంతంగా మానేస్తే బీపీ ఎగబాకుతుంది. నెపం మాత్ర మీదకు నెట్టి ఎక్స్‌రే మానేయడమూ పొరపాటే.

ఇవన్నీ బాగుండి దగ్గు ఎనిమిది వారాలు దాటితే ఆస్తమా, కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నడం, ముక్కు వెనక నుంచి గొంతులోకి కారడం చూస్తారు. ఫైలేరియా (బోదకాలు) ఉన్న జిల్లాల్లో ఇంకో జబ్బు ఉంది, పేరు ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫీలియా: రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) మైక్రోలీటరుకు 3,000 దాటడం. దీన్ని ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్లతో లాక్కొస్తారు. మందు డీఈసీ (ఫైలేరియాకు ఇచ్చే మాత్ర), మూడు వారాలు. పొగ తాగేవారిలో దగ్గు తీరు మారినా, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా ఎక్స్‌రే, ఈఎన్‌టీ రెండూ కావాలి.

గళ్ళలో రక్తం చార కనిపించినా ఆ రోజే వెళ్లండి. రక్తం ఎక్కువగా పడినా, ఒక వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం ఉన్నా, ఛాతీనొప్పి ఉన్నా, ఆక్సీమీటర్‌లో 94 కంటే తక్కువ చూపిస్తున్నా 108కి ఫోన్ చేయండి. వెల్లకిలా పడుకుంటే దగ్గు, ఆయాసం పెరిగి పాదాలు వాస్తే గుండె కూడా చూపించాలి.

వెళ్లేటప్పుడు అన్ని మాత్రల స్ట్రిప్పులు, సిరప్ సీసా, పాత ఎక్స్‌రే ఉంటే అదీ పట్టుకెళ్లండి.