ఆడిటర్ ‘చట్టబద్ధమే’ అంటున్నారు, అన్నయ్య ‘దొంగతనం’ అంటున్నాడు

ప్రశ్న: సొంతంగా కన్సల్టెన్సీ నడుపుతున్నాను. నా భార్య పేరిట ఒక సంస్థ పెట్టి, నా ఆదాయంలో సగం దానికి ‘సలహా రుసుము’గా చెల్లిస్తే పన్ను బాగా తగ్గుతుందని, అది చట్టబద్ధమేనని మా ఆడిటర్ అంటున్నారు. ఆమెకు ఈ పనితో సంబంధం లేదు. మా అన్నయ్య ఇది దొంగతనమే అంటున్నాడు. రిటైర్మెంట్ పొదుపు మీద మినహాయింపు తీసుకోవడం కూడా ఆయన దృష్టిలో తప్పే. ఎవరి మాట వినాలి?

జవాబు: పొదుపు విషయంలో మీ అన్నయ్యగారు మరీ కఠినంగా ఉన్నారు. జనం ముసలితనానికి నాలుగు డబ్బులు దాచుకోవాలని ప్రభుత్వమే పెట్టిన మినహాయింపు అది. పూర్తిగా వాడుకోండి, టెన్షన్ అక్కర్లేదు.

భార్య పేరిట సంస్థ సంగతి వేరు. 1935లో ఇలాంటి తగవులే రెండు దేశాల అత్యున్నత న్యాయస్థానాల దాకా వెళ్లాయి. బ్రిటన్‌లో వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ తన తోటమాలికిచ్చే జీతాన్ని ఒప్పంద పత్రం కింద ఏటా ఇచ్చే మొత్తంగా మార్చి పన్ను తగ్గించుకున్నాడు. పత్రంలో ఏముందో అదే లెక్క అని మెజారిటీ న్యాయమూర్తులు ఆయన పక్షాన తీర్పిచ్చారు. అమెరికాలో గ్రెగరీ అనే మహిళ పన్ను తగ్గించుకోవడానికి ఒక కొత్త కంపెనీ పెట్టి, తన పాత కంపెనీ చేతిలోని షేర్లను దానికి మళ్లించి, వెంటనే దాన్ని మూసేసి, షేర్లు తీసుకుని అమ్మేసింది. ఆ కంపెనీ బతికింది ఆరు రోజులు, చేసిన వ్యాపారం సున్నా. చట్టం ఒప్పుకునే దారిలో పన్ను తగ్గించుకునే హక్కు ఎవరికైనా ఉందంటూనే, ఇది మాత్రం ఉత్త వేషమని సుప్రీంకోర్టు కొట్టేసింది. 1981లో రామ్సే అనే పన్ను కేసుతో బ్రిటన్ కూడా ఆ వైపే జరిగింది, విడివిడి పత్రాలను కాక మొత్తం వ్యవహారాన్ని చూడాలంది. మీ ఆడిటర్ ఇంకా డ్యూక్ కాలంలోనే ఉన్నట్టున్నారు.

నన్నడిగితే మీ పథకం చట్టబద్ధమన్న మాటే అనుమానం. ఇవ్వని సలహాకు బిల్లు రాస్తే అది అబద్ధం. అధికారులు తవ్వితే పన్ను, దాని మీద వడ్డీ, జరిమానా, అన్నీ మీ నెత్తినే పడతాయి. ఏటా రెండో సంస్థ లెక్కలు రాసినందుకు ఆడిటర్‌కు ఇచ్చే ఫీజు ‘మిగిలే’ సొమ్ములోంచి తీసేశారా? అది మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక నీతి. పన్ను తగ్గించుకోవడంలో పాపమేమీ లేదు. జరగనిది జరిగినట్టు రాయడంలోనే ఉంది తప్పంతా. జీతం చేతికి రాకముందే పన్ను కోత పడే ఉద్యోగికి ఇలాంటి వేషాలు వేసే వీలే లేదు. మీరు కట్టనిది చివరికి అతని వాటాలో కలుస్తుంది. ప్రభుత్వం దుబారా చేస్తోందన్న కోపం ఉంటే దాన్ని ఓటులో చూపించండి.

మీ భార్య నిజంగా మీ లెక్కలు చూస్తానంటే మంచిదే. బయటివాళ్లకు ఆ పనికి ఎంత ఇస్తారో అంతే ఆమె ఖాతాలో వెయ్యండి, ఎలా ఖర్చుపెట్టాలో ఆమెకే వదిలేయండి. దానికి మీ మనసు ఒప్పకపోతే ఆ సంస్థ పెట్టకండి.