వ్యసనాన్ని అధ్యయనం చేసే ల్యాబ్‌లో ఎవరుంటారు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వ్యసనాల మీద విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధనల గురించి కిందటి సంచికలో నాలుగు మాటలు రాశాను. ఆ పరిశోధనలు చేసేవారు ఎవరు, వారి దగ్గరకు వెళ్లడం క్షేమమేనా అని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. అటువంటి ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసినదాన్ని కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: వ్యసనాలు, ప్రవర్తనా ఆరోగ్యం మీద పనిచేసే ఒక విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో మా చెల్లెలికి రిసెర్చ్ అసిస్టెంట్‌గా ఉద్యోగం వచ్చింది. సైకాలజీ చదివిన పిల్లకు ల్యాబ్‌లో పనేమిటని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. అక్కడ ఎవరెవరు ఉంటారు, ఎవరి పని ఏమిటి? – ఒక పాఠకురాలు

జవాబు: ల్యాబ్ అనగానే గాజు గొట్టాలు, సూక్ష్మదర్శినులు కళ్ల ముందు మెదలడం సహజమే. మా ల్యాబ్‌లో అన్నిటికంటే ఎక్కువగా వాడిన పరికరం మాత్రం టెలిఫోన్. దాని తర్వాతిది క్యాలెండర్.

ల్యాబ్‌ను నడిపించేది ప్రధాన పరిశోధకుడు లేదా పరిశోధకురాలు, సాధారణంగా ఒక ప్రొఫెసర్. ఏ ప్రశ్నకు జవాబు వెతకాలో నిర్ణయించేది, నిధుల కోసం దరఖాస్తులు రాసేది, ఏదైనా తప్పు జరిగితే బాధ్యత వహించేది ఆయనే. ఆ తర్వాత డాక్టరేట్ పూర్తిచేసి మరికొన్నేళ్లు పరిశోధన చేస్తున్న పోస్ట్‌డాక్‌లు, పీహెచ్‌డీ విద్యార్థులు, చికిత్స ఇచ్చే కౌన్సెలర్లు, మందులతో సంబంధమున్న అధ్యయనమైతే డాక్టరు, నర్సు ఉంటారు. ఎంతమందిని చేర్చుకుంటే ఫలితాన్ని నమ్మవచ్చో మొదటే లెక్కగట్టి చెప్పే గణాంక నిపుణులు, ప్రతి కాగితాన్నీ భద్రపరిచే డేటా మేనేజర్, రోజువారీ పనంతటినీ నడిపే కోఆర్డినేటర్ కూడా ఉంటారు. ప్రచురితమైన వ్యాసం మీద వీరిలో కొందరి పేర్లే కనిపిస్తాయి. అధ్యయనంలో చేరిన మనిషికి మాత్రం ఆ ల్యాబ్ అంటే మీ చెల్లెలే, ఎందుకంటే ఆయన ఎదురుగా కూర్చునేది ఆమె.

ఆమె చేయబోయే పనుల్లో ఒకదాన్ని కాస్త వివరంగా చెబుతాను. ‘గత మూడు నెలల్లో ఎంత తాగారు?’ అని నేరుగా అడిగితే ‘ఏదో, అప్పుడప్పుడు’ అన్న సమాధానమే వస్తుంది. అది అబద్ధమని కాదు, మనిషి జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది. అందుకే మనస్తత్వ శాస్త్రవేత్తలైన లిండా సోబెల్, మార్క్ సోబెల్ దంపతులు ‘టైమ్‌లైన్ ఫాలోబ్యాక్’ అనే పద్ధతిని రూపొందించారు. క్యాలెండర్‌ను బల్ల మీద పరిచి, ముందుగా తాగుడుతో సంబంధం లేని రోజులు గుర్తు పెడతారు: జీతం వచ్చిన రోజు, ఇంట్లో పెళ్లి, జ్వరంతో పడుకున్న వారం. తర్వాత వాటిని ఆనుకుని ఒక్కొక్క రోజే వెనక్కు వెళతారు. అలా వెళుతుండగా ఒక పెద్దమనిషి వేలు ఒక గురువారం మీద ఆగింది. ‘ఆ రోజు మా అమ్మకు ఆపరేషన్. తాగలేదు. మర్నాడూ తాగలేదు’ అని ఆయన నెమ్మదిగా అన్నారు. వరుసగా రెండు రోజులు తాగకుండా ఉన్నానని అప్పటివరకూ ఆయనకే తెలియదు. నేను ఆ రెండు గడుల్లోనూ సున్నా వేశాను. సంతోషం ముఖంలో కనిపించనివ్వకుండా సున్నా వేయడం మా వృత్తిలో నేర్చుకోవలసిన మొదటి విద్య. ఒక సున్నాకు మనం మురిసిపోతే, తర్వాతి గడిలో పది అని చెప్పవలసిన మనిషి మన కోసం నాలుగని చెబుతాడు.

రెండో పని ఫాలోఅప్, అంటే అధ్యయనంలో చేరినవారిని ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ కలుసుకోవడం. మానిన అలవాటును మళ్లీ మొదలుపెట్టినవారే సిగ్గుతో ఎక్కువగా తప్పించుకు తిరుగుతారు కాబట్టి, సులువుగా దొరికినవారితోనే లెక్క కడితే ఏ చికిత్సైనా అద్భుతంగా పనిచేసినట్టే కనిపిస్తుంది. పొగతాగడం మాన్పించే అధ్యయనాల్లో ఆచూకీ దొరకనివారిని ‘ఇంకా తాగుతున్నట్టే’ లెక్కించే ఆనవాయితీ అందుకే వచ్చింది.

ఈ వెతుకులాట ఎంత విలువైనదో లీ రాబిన్స్ చేసిన పని చూస్తే తెలుస్తుంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆమె, 1971 సెప్టెంబరులో వియత్నాం నుంచి అమెరికాకు తిరిగివచ్చిన సైనికులలో దాదాపు 900 మందిని ఇంటర్వ్యూ చేయించారు. వియత్నాంలో ఉండగా హెరాయిన్ వంటి మత్తుమందులకు బానిసలయ్యామని వారిలో సుమారు ఐదో వంతు మంది చెప్పారు. అలా చెప్పినవారిలో ఇంటికి వచ్చిన తొలి ఏడాదిలో మళ్లీ ఆ స్థితికి చేరుకున్నవారు నూటికి ఐదుగురు మాత్రమే. ఒకసారి హెరాయిన్‌లో పడితే ఇక బయటపడడం ఉండదని అందరూ అనుకుంటున్న కాలంలో ఈ ఫలితాన్ని నమ్మడానికి చాలామంది సిద్ధపడలేదు. ఎంచుకున్నవారిలో దాదాపు ప్రతి ఒక్కరినీ ఇంటర్వ్యూ చేసేవారు ఓపికగా వెతికి పట్టుకున్నారు కాబట్టే ఆ ఫలితం విమర్శలను తట్టుకుని నిలబడింది.

డేటా మేనేజర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. క్యాలెండర్ పద్ధతి రూపొందించిన సోబెల్ దంపతులే, తాగుడుకు తీవ్రంగా అలవాటుపడినవారిలో కొందరు మితంగా తాగడం నేర్చుకోగలరని 1973లో ప్రకటించారు. ఆ అధ్యయనాన్ని తీవ్రంగా ప్రశ్నిస్తూ 1982లో ‘సైన్స్’ పత్రికలో వ్యాసం వచ్చింది. మోసం చేశారన్న ఆరోపణలూ చెలరేగాయి. వారి రికార్డులను పరిశీలించిన విచారణ సంఘం మోసానికి ఆధారం లేదని తేల్చింది. మితంగా తాగడం గురించిన వాదన ఆ తర్వాతా సాగింది, అది వేరే విషయం. ఏళ్ల కిందటి కాగితాలు దొరకడమే అటువంటి వేళ పరిశోధకుల పరువు నిలుపుతుంది. అందుకే, తేదీ వేయడం మరిచిన ఫారాన్ని వెనక్కు పంపే డేటా మేనేజర్ మీద విసుక్కోవద్దని మీ చెల్లెలికి చెప్పండి.

ప్రశ్న: మా తాగుబోతు కొడుకును ఏదో అధ్యయనంలో చేరమని అడుగుతున్నారు. వాడి మీద ప్రయోగాలు చేస్తారా? విషయం నలుగురికీ తెలిసిపోతే రేపు ఉద్యోగం ఎవరిస్తారు? – ఒక తండ్రి

జవాబు: మీ భయం న్యాయమైనదే. వైద్య పరిశోధన చరిత్రలో మనుషులకు జరిగిన అన్యాయాలు తక్కువేమీ కావు, ఈనాటి నిబంధనలు వాటి నుంచి పుట్టినవే. మనుషుల మీద జరిపే ఏ అధ్యయనాన్నైనా మొదలుపెట్టే ముందు ఒక ఎథిక్స్ కమిటీ పరిశీలించాలి. ఆ కమిటీలో శాస్త్రవేత్తలు కానివారు కూడా ఉండాలన్నది సాధారణ నియమం. సమ్మతి పత్రాన్ని అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. మీ అబ్బాయి మత్తులో ఉన్నప్పుడు సంతకం తీసుకోకూడదు. చేరిన తర్వాత ఏ రోజైనా, కారణం చెప్పకుండానే, అతను మానుకోవచ్చు. మానుకున్నంత మాత్రాన అతనికి అందవలసిన మామూలు చికిత్స ఆగిపోకూడదు.

పేరు విషయానికి వస్తే, ఫారాల మీద ఉండేది పేరు కాదు, ఒక నంబరు. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితాను విడిగా, తాళం వేసి భద్రపరుస్తారు. మా ల్యాబ్‌లో ఫోన్ చేసినప్పుడు అవతల వేరేవారు ఎత్తితే ల్యాబ్ పేరు కూడా చెప్పేవాళ్లం కాదు. అమెరికాలోనైతే కోర్టు నుంచి ఉత్తర్వులు వచ్చినా పరిశోధకులు పేర్లు బయటపెట్టనక్కర్లేదని రక్షణ కల్పించే ‘సర్టిఫికెట్ ఆఫ్ కాన్ఫిడెన్షియాలిటీ’ ఉంది. అయినా గోప్యతకు కొన్ని మినహాయింపులు ఉంటాయి. ప్రాణాపాయం కనిపించినా, పిల్లలకు హాని జరుగుతోందని తెలిసినా పరిశోధకులు మౌనంగా ఉండలేరు. ఆ మినహాయింపులు ఏమిటో సంతకానికి ముందే అడగండి. పరీక్షిస్తున్న చికిత్స ఇవ్వకుండా, పోల్చిచూడడానికి ఉంచిన గుంపులో మా అబ్బాయి పడితే అతనికి ఏం అందుతుందని కూడా అడగండి. ఈ రెండింటికీ తడబడకుండా జవాబు చెప్పలేని ల్యాబ్‌లో మీ అబ్బాయిని చేర్పించవద్దు.

మీరు నొచ్చుకోరన్న నమ్మకంతో మరొక మాట చెబుతాను. 2010లో వ్యసనాల పరిశోధకుడు జాన్ కెల్లీ, ఆయన సహచరి ఒకే మనిషి గురించిన వివరణను రెండు రకాలుగా రాసి, 500 మందికి పైగా మానసిక ఆరోగ్య నిపుణులకు ఇచ్చారు. ఒకదానిలో ఆ మనిషిని ‘మత్తుపదార్థాలను దుర్వినియోగం చేసేవాడు’ అన్నారు, మరొకదానిలో ‘మత్తుపదార్థాల వాడక రుగ్మత ఉన్నవాడు’ అన్నారు. మొదటిది చదివిన నిపుణులే, తప్పంతా అతనిదేనని, అతన్ని శిక్షించవలసిందేనని తేల్చడానికి ఎక్కువ మొగ్గు చూపారు. శిక్షణ పొందిన నిపుణుల మనసునే ఒక మాట అంత మార్చగలిగితే, ఇంట్లో రోజూ వినబడే మాట వినేవాడిని ఎంత కుంగదీస్తుందో ఆలోచించండి. ‘తాగుడు మానలేకపోతున్న మా అబ్బాయి’ అని మీరు రాసినా మీ ఉత్తరంలోని బాధ నాకు అంతే అందేది.

ప్రశ్న: మత్తుమందు వాడకుండా వస్తే బహుమతులు ఇచ్చే పరిశోధన ఒకటి ఉందని విన్నాను. ఇది లంచం కాదా? – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఈ అభ్యంతరం నేను చాలాసార్లు విన్నాను, మొదట్లో నాకూ ఉండేది. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ బృందం 1990ల తొలినాళ్లలో కొకైన్ అలవాటున్నవారితో ఈ పద్ధతిని పరీక్షించింది. మూత్ర పరీక్షలో కొకైన్ లేదని తేలిన ప్రతిసారీ ఒక వోచర్ ఇచ్చేవారు. మొదటి వోచర్ విలువ రెండున్నర డాలర్లు. వరుసగా లేదని తేలుతున్నకొద్దీ ప్రతిసారీ ఒకటింబావు డాలర్ చొప్పున పెరుగుతుంది. మధ్యలో ఒక్కసారి కొకైన్ కనిపించినా విలువ మళ్లీ మొదటికి పడిపోతుంది. చేతికి నగదు ఇవ్వరు, జీవితాన్ని చక్కబెట్టుకోవడానికి పనికొచ్చే వస్తువులు, సేవలు కొనిపెడతారు. 40 మందితో చేసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, వోచర్లు పొందినవారిలో నూటికి 75 మంది 24 వారాల చికిత్సను పూర్తిచేశారు. వోచర్లు లేకుండా అదే చికిత్స పొందినవారిలో పూర్తిచేసినది 40 శాతం.

లంచం అంటే చేయకూడని పని చేయడానికి ఇచ్చేది. ఇక్కడ ప్రతిఫలం అందేది ఆ మనిషి తానే కోరుకుంటూ చేయలేకపోతున్న పనికి. మత్తు ఇచ్చే సుఖం క్షణాల్లో అందుతుంది, మానేసినందుకు వచ్చే లాభం నెలల తర్వాత గాని కనిపించదు. ఆ ఎడంలోనే మనిషి జారిపోతాడు కాబట్టి ఈరోజు నిలబడినందుకు ఈరోజే ఏదో ఒకటి చేతికి అందించడం ఇందులోని ఆలోచన. వోచర్లు ఆగిపోయాక ఫలితం చాలామందిలో క్రమంగా తగ్గుతుందన్నది ఈ పద్ధతిలోని అసలు లోపం. నన్నడిగితే నైతికత గురించిన అభ్యంతరం కన్నా ఈ లోపం మీదే ఎక్కువ చర్చ జరగాలి.

ప్రశ్న: మనుషుల వ్యసనం గురించి ఎలుకలేం చెబుతాయి? – ఒక విద్యార్థి

జవాబు: కొంతే చెబుతాయి, కానీ ఆ కొంత మరోచోట దొరకదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో టెర్రీ రాబిన్సన్, కెంట్ బెరిడ్జ్ జంతువులపై చేసిన పరిశోధనల ఆధారంగా, ఒక వస్తువు కావాలని మెదడు తహతహలాడడం వేరు, దాన్ని ఆస్వాదించడం వేరు అని 1993లో ప్రతిపాదించారు. ‘ఇప్పుడు అందులో సుఖమేమీ లేదు, అయినా మానలేకపోతున్నాను’ అని మా ఎదుట కూర్చుని చెప్పినవారి మాటకు దీనివల్ల శాస్త్రంలో చోటు దొరికింది. మనిషి నమ్మకం ఎంత పనిచేస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం మనుషులే కావాలి. మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లట్, ఆయన సహచరులు 1973లో ప్రచురించిన ప్రయోగంలో, గ్లాసులో వోడ్కా ఉందని నమ్మినవారు, నిజానికి అందులో ఉన్నది మద్యం కలపని టానిక్ వాటర్ (ఒక రకం సోడా) మాత్రమే అయినా, ఎక్కువ తాగారు. ఆ తర్వాత మార్లట్ యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో అచ్చం బార్‌లా కనిపించే ల్యాబ్‌ను నడిపారు.

ప్రశ్న: నేను తాగడం మానేసి ఏడేళ్లయింది. ఇటువంటి ల్యాబ్‌లో పనిచేయాలని ఉంది. నా గతం అడ్డమా, అర్హతా? – పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషం కలిగింది. స్వయంగా వ్యసనం నుంచి బయటపడినవారిని సలహా మండళ్లలోకి, ఉద్యోగాల్లోకి తీసుకునే ల్యాబ్‌లు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. ప్రశ్నావళిలో ఏ వాక్యం చదవగానే మనిషికి మనసు విరిగిపోతుందో మీకు తెలిసినంతగా మాకు తెలియదు. ‘మీరు ఎందుకు విఫలమయ్యారు?’ అన్న ఒక ప్రశ్నను మీలాంటి సహోద్యోగి ఒకరు చూసి, ‘దీనికి ఎవరూ జవాబు రాయరు, ఇక్కడే పెన్ను కింద పెట్టేస్తారు’ అన్నారు. దాన్ని ‘ఆ రోజు ఏం జరిగింది?’ అని మార్చిన తర్వాత ఆ ఖాళీలో పూర్తి వాక్యాలు కనిపించడం మొదలైంది.

అయితే దరఖాస్తుకు ముందు రెండు విషయాలు ఆలోచించుకోండి. ఎదుటివారి కథ వింటుంటే మీ కథ పైకి ఉబికి వస్తుంది. పరిశోధన ఇంటర్వ్యూలో దాన్ని చెప్పకుండా ఉండగలగాలి, ఎందుకంటే అది చెబితే వారి జవాబులు మీ కథ వైపు ఒరుగుతాయి. రెండోది, కొన్ని అధ్యయనాల్లో సీసాలు, వాసనలు, బొమ్మలు చూపించి క్రేవింగ్‌ను, అంటే మత్తు కోసం కలిగే తహతహను, కొలుస్తారు. అటువంటి పనులు ఉన్నాయా, వాటి నుంచి మినహాయింపు దొరుకుతుందా అని కోఆర్డినేటర్‌ను ముందే అడగండి. అలా అడిగినందుకు మిమ్మల్ని ఎవరూ తక్కువగా చూడరు. వారానికి ఒకసారైనా కూర్చుని మాట్లాడే పర్యవేక్షకులు అక్కడ ఉన్నారో లేదో కూడా కనుక్కోండి. ఉన్నారంటే దరఖాస్తు పంపండి. ఆ ఏడేళ్ల సంగతి అందులో రాయాలో వద్దో నిర్ణయించుకునే హక్కు పూర్తిగా మీదే.