దేవుడికి రోజూ థాంక్స్ చెప్తాను, ఇంట్లో వాళ్ళ మీద మాత్రం అరుస్తున్నాను

ప్రశ్న: మేడమ్, నాకు 39 ఏళ్ళు, ఉద్యోగం చేస్తాను, ఇద్దరు పిల్లలు, అత్తయ్య మాతోనే ఉంటారు. కిందటేడాది మావారు 11 రోజులు ఐసీయూలో ఉన్నారు. పిల్లల్ని అత్తయ్య చూసుకున్నారు. ఆ రోజుల్లో బయట కుర్చీలో కూర్చుని దేవుడా ఈయన్ని ఇంటికి పంపించు చాలు, ఇంకేమీ అడగను, దేనికీ విసుక్కోను అనుకున్నాను. ఆయన బాగై తిరిగొచ్చారు. రోజూ పొద్దున్నే ప్రార్థనలో ముందు అదే చెప్పుకుంటాను. కానీ లేచి పది నిమిషాలు కాకముందే మంచం మీద తడి టవల్ కనిపిస్తే అరిచేస్తున్నా, ఆయన ఇంటికి రావడం కాస్త లేటైనా అరుస్తున్నా. మొన్న ఆయన "దేవుడికి రోజూ థాంక్స్ చెప్తావు, నాతో నెమ్మదిగా రెండు మాటలు మాట్లాడలేవా" అన్నారు. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. నా భక్తి అంతా నటనేనా? నేను కృతఘ్నురాలినా?

జవాబు: కాదమ్మా. నటించేవాళ్ళకి ఆ మాట ఇంత గుచ్చుకోదు, రెండ్రోజులు అలిగి మర్చిపోతారు. మీకు గుచ్చుకుంది అంటేనే లోపల ఉన్నది నిజమైనదని అర్థం.

ముందు ఆ కుర్చీలో ఇచ్చిన మాట సంగతి చూద్దాం. దేనికీ విసుక్కోను అని ఆ భయంలో ఎవరైనా అంటారు, కానీ ఆ మాట మీద ఏడాదంతా నిలబడటం మనిషి వల్ల కాదు. మన మనసు తయారైందే అలా, ఎంత పెద్ద మంచి జరిగినా కొన్నాళ్ళకి అది అలవాటైపోతుంది. ఆయన ఇంట్లో తిరగడం మీకు మళ్ళీ మామూలైపోయింది. అయినా ఆ రోజుల్లో మీరు దేవుణ్ణి అడిగింది కూడా అదే కదా, అంతా మళ్ళీ మామూలుగా ఉండాలనే కదా. తడి టవల్ మీద అరవగలిగేంత మామూలు రోజు మీకు తిరిగొచ్చింది, దానికి సిగ్గుపడకండి.

మీరు వాడిన కృతఘ్నురాలు అన్న మాట దగ్గరికే వస్తా, దానికి వ్యతిరేకం కృతజ్ఞురాలు. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసినవాళ్ళు. కృతజ్ఞత అంటే మనకి ఎవరేం చేశారో తెలిసి ఉండటం, అంతే. గుండె ఉప్పొంగాలని, కళ్ళు చెమర్చాలని ఆ మాటలో ఎక్కడా లేదు. మీరేమో ఆ ఫీలింగ్ రావట్లేదని బాధపడుతున్నారు, ఫీలింగ్ మన చేతిలో ఉండదు, వస్తుంది పోతుంది. తెలుసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు కనిపించింది ఒకటి చెప్తా, ఏమీ అనుకోకండి. టవల్ గురించి రాశారు, కుర్చీ గురించి రాశారు, "పిల్లల్ని అత్తయ్య చూసుకున్నారు" అని మాత్రం మూడు ముక్కల్లో తేల్చేశారు. పదకొండు రోజులమ్మా! అక్కడ ఐసీయూలో ఉన్నది ఆవిడ కన్నకొడుకు. ఆ భయాన్ని మింగుకుని ఇద్దరు పిల్లల్ని పొద్దున్నే లేపి, తయారు చేసి స్కూలుకి పంపి, సాయంత్రం "నాన్న ఎప్పుడొస్తాడు" అంటే ఏదో ఒకటి చెప్పి నిద్రపుచ్చారు. మీరు ఆ కుర్చీలోంచి కదలకుండా ఉండగలిగింది ఇక్కడ ఆవిడ ఉండబట్టే. మీ ప్రార్థనకి దేవుడు జవాబిచ్చాడని నమ్ముతున్నారు కదా, ఆ జవాబులో సగం ఆవిడ చేతుల మీదుగా వచ్చింది.

మీరు గమనించలేదని తప్పు పట్టట్లేదు, ఇది అందరి ఇళ్ళల్లో జరిగేదే. 1979లో మైఖేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 37 జంటల్ని కూర్చోబెట్టి ఇంట్లో ఏ పనిలో ఎవరి వాటా ఎంత అని విడివిడిగా అడిగారు, చాలా పనుల్లో ఇద్దరూ చెప్పింది కలిపితే మొత్తం పని కంటే ఎక్కువే వచ్చింది. అబద్ధం చెప్పారని కాదు, మనం చేసింది మన కళ్ళ ముందు ఉంటుంది, పక్కవాళ్ళు చేసింది మనం చూడని టైంలో జరిగిపోతుంది. నా సంగతే చెప్తా, కొన్నేళ్ళపాటు నా ఫోన్ బ్యాటరీ చాలా మంచిదనుకున్నాను. మా అత్తగారు కూతురింటికి వెళ్ళి పదిరోజులు ఉన్నారు, రోజూ పొద్దున్నే ఫోన్ ఆఫ్ అయిపోయి ఉండేది. నేను పడుకున్నాక ఆవిడ వచ్చి ఛార్జింగ్ పెట్టి వెళ్ళేవారని అప్పుడు తెలిసింది. ఒక్కసారి కూడా చెప్పలేదు ఆవిడ. ఆ పదకొండో రోజు ఆవిడ ఇంట్లోకి అడుగు పెట్టగానే నాకు ఏడుపొచ్చింది.

ప్రార్థన మానకండి, దాన్ని కొంచెం కిందికి దించండి. "మా కుటుంబాన్ని చల్లగా చూస్తున్నందుకు" అని గంపగుత్తగా చెప్పేస్తే మనసు ఎక్కడో ఉండగానే నోరు చెప్పేస్తుంది. నిన్న ఎవరు ఏం చేశారో ఒక్కటి, పేరు పెట్టి, పని పెట్టి చెప్పండి. ఆ ఒక్కటి వెతుక్కోవాలంటే ముందురోజు చూసి ఉండాలి కదా, అసలు మార్పు అక్కడ మొదలవుతుంది. తర్వాత అదే మాట సాయంత్రంలోపు ఆ మనిషికి కూడా చెప్పండి, దేవుడికి చెప్పిన మాట ఆ మనిషి చెవిన కూడా పడాలి. మీవారు అడిగింది కూడా ఇదే.

ఇంట్లో వాళ్ళకి థాంక్స్ ఏంటి, పరాయివాళ్ళలా అనిపిస్తుంది అంటారేమో. ఆ పదమే అక్కర్లేదు. "నువ్వు వెళ్ళి బిల్లు కట్టేశావు కాబట్టి నేను కాసేపు పడుకున్నా" అంటే చాలు, ఏం చేశారో మీకు తెలుసని ఆయనకి తెలుస్తుంది. ఎబ్బెట్టుగా ఉంటుందేమో అన్న భయం కూడా మనం ఊహించుకున్నంత నిజం కాదు. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు కొంతమందితో కృతజ్ఞత చెప్తూ ఉత్తరాలు రాయించారు, రాసినవాళ్ళు అవతలివాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందేమో అనుకున్నారు, తీరా చూస్తే అంత ఇబ్బంది ఏమీ లేదు, వాళ్ళు అనుకున్నదానికంటే అందుకున్నవాళ్ళు ఎక్కువే సంతోషపడ్డారు.

ఆయన లేటైతే అరుస్తున్నా అని ఒక ముక్క రాశారు చూడండి, నాకు అది కోపంలా అనిపించలేదు, భయంలా ఉంది. ఐసీయూలో మనిషిని పెట్టుకుని బయట ఎదురుచూసిన ఇంటివాళ్ళకి ఆందోళన, నిద్రలేమి నెలల తరబడి ఉండిపోవచ్చు, డాక్టర్లు దీన్ని గుర్తించి ఒక పేరు కూడా పెట్టారు. కాబట్టి ఈసారి లేటైనప్పుడు "ఎక్కడ తిరుగుతున్నావు" అనే బదులు "నువ్వు రాకపోతే నాకు ఆ రోజులు గుర్తొస్తాయి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయనకి ఇది అసలు తెలిసి ఉండకపోవచ్చు. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే మాత్రం డాక్టర్‌ని కలవండి, డాక్టర్ దగ్గరికి వెళ్తే నమ్మకం తక్కువైనట్టు కాదు.

ఇంకొకటి, కృతజ్ఞత పేరుతో అన్నీ మింగేసుకోమని నేను చెప్పట్లేదు. టవల్ తీసి ఆరేయమని అడగొచ్చు, అడగాలి కూడా. అరవకుండా అడగండి అంతే.

మొదలు మాత్రం మీవారితో కాకుండా అత్తయ్యతో పెట్టుకోండి, ఆవిడ బాకీ పాతది. పిల్లలు పడుకున్నాక పక్కన కూర్చుని, "అత్తయ్యా, ఆ పదకొండు రోజులు పిల్లల్ని ఎలా పడుకోబెట్టారు?" అని అడగండి. ఇప్పటిదాకా ఆవిడని ఎవరూ అడిగి ఉండరు. ఫోన్ పక్కన పెట్టేసి, ఆవిడ చెప్పేదంతా అయ్యేదాకా అక్కడ్నుంచి లేవకండి.