ఫ్లైట్రాప్ మొక్కలు నల్లబడుతున్నాయి, ఏం మందు కొట్టాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు దగ్గర హొసకోటెలో 10 గుంటల పాలీహౌస్ కౌలుకు తీసుకుని జెర్బెరా వేస్తున్నాం. ఒక పక్కన కుండీ మొక్కల నర్సరీ కూడా ఉంది. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చేవాళ్ళు పురుగుల్ని తినే మొక్కలు కావాలని అడుగుతుంటే, జూన్‌లో 60 వీనస్ ఫ్లైట్రాప్ టిష్యూకల్చర్ మొక్కలు తెప్పించాం. ఎర్రమట్టిలో వర్మీకంపోస్టు కలిపి నాటాం. పెట్టేది బోరు నీళ్ళు, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) 780 ఉంది. పదిహేను రోజులకోసారి 19-19-19 ఎరువు ఇచ్చాం. మా అబ్బాయి వాటి నోట్లో చికెన్ ముక్కలు కూడా వేశాడు. ఆకులు నల్లబడి, నోళ్ళు మూసుకోవడం మానేశాయి. సగం చచ్చిపోయాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం మందు కొట్టాలి? ఇలాంటి మొక్కల్ని మేమే పెంచి, పిలకలు తీసి అమ్మవచ్చా? ఇవి ఉంటే జెర్బెరాలో తామర పురుగులు తగ్గుతాయా?
– ఒక రైతు, హొసకోటె

జవాబు: ముందుగా, ఏ మందూ కొట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది తెగులు కాదు, ఉప్పు దెబ్బ. జెర్బెరాకు బలమిచ్చేవన్నీ ఈ మొక్కకు విషం. బోరు నీళ్ళు, వర్మీకంపోస్టు, 19-19-19 మూడూ కలిసి దాని వేళ్ళను కాల్చేశాయి.

వీనస్ ఫ్లైట్రాప్ సొంత ఊరు అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల తీరప్రాంతం. అక్కడి తడి నేలల్లో ఇసుక, కుళ్ళిన నాచు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. నేల పుల్లగా ఉంటుంది, నత్రజని, భాస్వరం దాదాపు దొరకవు. ఆ లోటును ఆకులతో పురుగుల్ని పట్టి తీర్చుకోవడం ఈ మొక్క నేర్చుకుంది. వేళ్ళకు ఎరువు తీసుకునే అలవాటు లేదు, వాటి పని ముఖ్యంగా నీరు పీల్చడమే. అలాంటి వేళ్ళ చుట్టూ లవణాలు పేరుకుంటే, కుండీలో నీళ్ళున్నా మొక్కకు అందవు. మీ బోరు నీటిలోని సున్నం, బైకార్బొనేట్లు నేలలోని పులుపును కూడా పోగొడతాయి.

బతికున్న మొక్కల్ని ఈరోజే తీయండి. మట్టి మొత్తం పోయేదాకా వేళ్ళను వాన నీటిలో మెల్లగా కడగండి. నల్లబడ్డ ఆకులు కత్తిరించేయండి. మధ్యలో తెల్లటి గట్టి దుంప ఉంటే మొక్క తిరిగి లేస్తుంది, మెత్తబడి ఉంటే వదిలేయాల్సిందే. ఎరువు కలపని పీట్ మాస్ (కుళ్ళిన నాచు) రెండు పాళ్ళు, కడిగిన పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) ఒక పాలు కలిపి, కనీసం నాలుగు అంగుళాల లోతున్న ప్లాస్టిక్ కుండీలో నాటండి. మట్టి కుండీ వద్దు, దానిలోంచి లవణాలు దిగుతాయి. కుండీని ట్రేలో పెట్టి, ట్రేలో ఒక సెంటీమీటరు నీళ్ళు ఉంచండి. రెండు వారాలు 50 శాతం షేడ్ నెట్ కింద ఉంచి, తర్వాత నెమ్మదిగా ఎండకు అలవాటు చేయండి. జెర్బెరా టిష్యూకల్చర్ మొక్కల్ని మీరు గట్టిపరిచే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. కుదురుకున్నాక రోజుకు ఐదారు గంటల ఎండ తప్పనిసరి.

పీట్ మాస్ ఖరీదని చాలామంది కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వాడతారు. వాడవచ్చు, కానీ కోకోపీట్‌లో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. వాన నీటిలో నానబెట్టి పిండి, పారబోసిన నీటి టీడీఎస్ 50 లోపుకు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కడగాలి. ఇసుక కలపాలనుకుంటే ఎంశాండ్ (రాయి పిండి చేసిన ఇసుక) వద్దు. నది ఇసుక దొరికితే మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టే, ఈ మొక్కలకు పనికిరాదు.

ఇక నీళ్ళు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మిగతా అన్నీ సరిగ్గా చేసి నీళ్ళ దగ్గర తప్పితే మొక్క దక్కదు. ఈ మొక్కలకు టీడీఎస్ 50 లోపు నీళ్ళు కావాలి. కావేరి నీళ్ళు కూడా సాధారణంగా ఆ హద్దు దాటే ఉంటాయి. ఆర్వో నీళ్ళు బాగుంటాయి, అయితే చాలా ఇళ్ళ మిషన్లలో రుచి కోసం మినరల్స్ తిరిగి కలుపుతారు. అందుకే మీటరు పెట్టి చూడందే నమ్మకండి. టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది.

కానీ మీ తల మీదే అంతకంటే మంచి నీళ్ళు పడుతున్నాయి. 10 గుంటల పాలీహౌస్ అంటే సుమారు వెయ్యి చదరపు మీటర్ల కప్పు. దాని మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 10,000 లీటర్లు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బెంగళూరు వైపు మంచి వానలు పడతాయి కాబట్టి, ఇప్పుడే గట్టర్ పైపును ప్లాస్టిక్ ట్యాంకుకు కలపండి. మొదటి వానకు దుమ్ము, మందుల అవశేషాలు కొట్టుకొస్తాయి, ఆ నీటిని వదిలేయండి. సిమెంట్ తొట్టిలో మాత్రం నిలవ చేయకండి, సున్నం దిగి నీళ్ళు పాడవుతాయి. ట్యాంకులోకి వెలుతురు పోకుండా మూసి ఉంచితే పాచి పట్టదు, దోమలు చేరవు. జెర్బెరా కోసం మీరు నడిపే ఫాగర్లు (మంచులా నీళ్ళు చిమ్మేవి) బోరు నీళ్ళతోనే నడుస్తుంటే, ఈ మొక్కల వరుసను వాటికి దూరంగా పెట్టండి.

మీ అబ్బాయి వేసిన చికెన్ గురించి. పిల్లవాణ్ణి కోప్పడకండి, అందరూ చేసే పనే. ఫ్లైట్రాప్ నోటి లోపల సన్నని వెంట్రుకలు ఉంటాయి. సుమారు 20 సెకన్ల లోపు రెండుసార్లు కదిలితేనే నోరు మూసుకుంటుంది. మూసుకున్నాక కూడా లోపల పురుగు కొట్టుకుంటూ ఉంటేనే నోరు పూర్తిగా బిగిసి జీర్ణరసాలు ఊరతాయి. కదలని చికెన్ ముక్క అరగదు, కొవ్వుతో కుళ్ళి నోటినే నల్లగా మార్చేస్తుంది. చిన్న ఈగ, చీమ చాలు, అది కూడా నోటిలో మూడో వంతుకు మించని సైజులో. మొక్క బయట ఉంటే దాని తిండి అదే వెతుక్కుంటుంది. ఒక్కో నోరు కొన్నిసార్లు మాత్రమే పనిచేసి నల్లబడి రాలిపోతుంది, అది సహజం. నర్సరీకి వచ్చేవాళ్ళు సరదాకి వేలు పెట్టి మూయిస్తుంటారు. ప్రతి మూతకీ మొక్క బలం ఖర్చవుతుంది, కాబట్టి ట్రే ముందు ఒక బోర్డు పెట్టండి.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. ఫ్లైట్రాప్‌ను మీ వ్యాపారానికి ప్రధాన మొక్కగా పెట్టుకోవద్దని నా సలహా. దానికి ఏటా మూడు నెలల చలి నిద్ర కావాలి, పది డిగ్రీల లోపు చలి. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు సాధారణంగా 15, 16 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, పగలు 27 దాకా ఎక్కుతుంది. నిద్ర లేకపోతే మొక్క ఒకటి రెండేళ్ళు లాగి, క్రమంగా చిక్కిపోతుంది. ఉన్నవాటిని నిలుపుకోవాలంటే డిసెంబరులో దుంపను కడిగి, తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచులో చుట్టి, జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. పదిహేను రోజులకోసారి తెరిచి బూజు పట్టిందేమో చూడండి. ఫిబ్రవరి చివర్లో తీసి నాటేటప్పుడే పిలకలు విడదీయాలి. పూకాడ వస్తే రెండు అంగుళాలు ఉన్నప్పుడే కత్తిరించండి. పువ్వు మొక్కను నీరసపరుస్తుంది. ఆ కాడ ముక్కల్ని తడి నాచులో గుచ్చితే ఒక్కోసారి పిల్ల మొక్కలు కూడా వస్తాయి. విత్తనం వేస్తే పూర్తి మొక్క కావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, నర్సరీకి గిట్టదు.

దానికి బదులు పురుగుల్ని తినే మరో మొక్క, డ్రోసెరా పెంచండి. ఆకుల మీద జిగురు చుక్కలు మెరుస్తూ, పురుగు అంటుకోగానే ఆకు మెల్లగా దాని మీదికి వంగుతుంది. పిల్లలకు ఇదీ వింతే. దక్షిణాఫ్రికాకు చెందిన డ్రోసెరా కేపెన్సిస్‌కు చలి నిద్ర అక్కర్లేదు, బెంగళూరు వాతావరణం చక్కగా సరిపోతుంది. దీని పువ్వు తనంతట తనే గింజ కడుతుంది. ఒక్క కాడ నుంచి పొడిలాంటి నల్లటి గింజలు వందల్లో వస్తాయి. వాటిని తడి పీట్ మీద చల్లి వదిలేయండి, పైన కప్పకూడదు, మొలకెత్తడానికి వెలుతురు కావాలి. పారదర్శకమైన మూత పెడితే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. గింజ కోసం ఆగలేకపోతే ముదిరిన ఆకును రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వాన నీటి మీద తేలేయండి. నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచితే కొన్ని వారాల్లో ముక్కల మీద చిన్న చిన్న మొక్కలు పుడతాయి. వేళ్ళ ముక్కలు పాతినా మొలుస్తాయి. మీలాంటి నర్సరీకి ఇంతకంటే సులువుగా పెరిగేది మరొకటి నాకు కనిపించదు.

మన నేలలోనే పుట్టిన డ్రోసెరా బర్మానీ కూడా ఉంది. ఆంధ్ర, కర్ణాటకల్లో వానల తర్వాత తేమ నిలిచే రాతి నేలల్లో రూపాయి బిళ్ళంత ఎర్రటి చక్రంలా కనిపిస్తుంది. అది ఏడాదిలోపు బతుకు ముగించి గింజలు వదిలిపోతుంది. దయచేసి అక్కడి నుంచి తవ్వి తేకండి. అలాంటి తడి జాగాలు ఇప్పటికే లేఅవుట్ల కింద పోతున్నాయి. తవ్వి తెచ్చినా వేళ్ళు తెగి ఎక్కువగా చచ్చిపోతుంది. పెంచేవాళ్ళ దగ్గర గింజ తీసుకుంటే మీ ట్రేల్లో అదే ఏటేటా మొలుస్తుంది.

వేలాడే కుండీల్లో మంచి ధర రావాలంటే నెపెంథిస్, అంటే కూజా మొక్కలు. వెంట్రాటా అనే హైబ్రిడ్ బెంగళూరుకు బాగా అలవాటు పడుతుంది. దీన్ని ట్రేలో నీళ్ళలో ఉంచకూడదు, వేళ్ళు కుళ్ళుతాయి. కడిగిన కొబ్బరి పీచు ముక్కలు, పెర్లైట్, కొంచెం స్ఫాగ్నమ్ కలిపి నాటి, 50 శాతం నీడలో వేలాడదీయండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో గాలి బాగా పొడిబారుతుంది, అప్పుడు ఆకు చివర కూజా కట్టకుండానే ఎండిపోతుంది. ఉదయం, సాయంత్రం వాన నీటితో పిచికారీ చేయండి. తీగ ముక్కలు నాటి పెంచడానికి జూన్ నుంచి సెప్టెంబరు మంచి కాలం. రెండు మూడు కణుపులున్న తీగ ముక్క తీసి, ఆకుల్ని సగానికి కత్తిరించి, అడుగు కొనకు ఐబీఏ పొడి (వేళ్ళు వచ్చేలా చేసే హార్మోన్) అద్ది, తడి నాచులో గుచ్చి, పైన పాలిథిన్ కవర్ కప్పండి. వేళ్ళు రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. మధ్యలో లాగి చూడకండి. కణుపు దగ్గర కొత్త చిగురు కదిలితే వేరు పట్టినట్టే.

ఇక్కడ చట్టం సంగతి ఒకటుంది. మన దేశపు కూజా మొక్క నెపెంథిస్ ఖాసియానా మేఘాలయ కొండల్లో పెరిగేది. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైట్స్ (CITES) ఒప్పందం మొదటి అనుబంధంలోనూ, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ రక్షణ ఉన్న మొక్క. అటవీ శాఖ లైసెన్సు లేకుండా దాన్ని పెంచి అమ్మడం నేరం. ఎవరైనా చవకగా ఇస్తామన్నా తీసుకోకండి. హైబ్రిడ్లు కొన్నప్పుడు కూడా మొక్క పేరు రాసిన బిల్లు అడిగి దాచుకోండి.

ఆన్‌లైన్‌లో రంగురంగుల బొమ్మలతో అమ్మే ఫ్లైట్రాప్ గింజలతోనూ జాగ్రత్త. అసలు గింజ నల్లగా, నిగనిగలాడుతూ, ఆవగింజ కంటే చిన్నగా ఉంటుంది. నీలం ఫ్లైట్రాప్ అనేదే లేదు. నెపెంథిస్ గింజ సన్నని దారప్పోగులా ఉంటుంది, ఎక్కువ కాలం నిలవ ఉండదు. కాబట్టి ప్యాకెట్‌లో గుండ్రటి లావు గింజలు వస్తే అవి వేరే మొక్కవి.

తామర పురుగుల విషయంలో వీటి మీద ఆశ పెట్టుకోకండి. డ్రోసెరా ఆకుకు కొన్ని చిన్న పురుగులు అంటుకుంటాయి, అంతే. పది గుంటల జెర్బెరాకు అది ఏ మూలకూ రాదు. దానికి పంట ఎత్తులో నీలం జిగురు అట్టలు కట్టి, పక్క తెరల చిరుగులు సరిచేసుకోండి. జెర్బెరాకు మందు కొట్టే రోజున ఈ ట్రేలను బయటికి మార్చండి. వీటికే పేనుబంక పడితే మందు వద్దు, కుండీతో సహా ఫ్లైట్రాప్‌ను ఒకరోజు వాన నీటిలో ముంచి ఉంచితే చాలావరకు పోతాయి. కూజా మొక్క మీద పిండినల్లి కనిపిస్తే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచేయండి.