తిట్లు భరించలేక కాల్ సెంటర్ మానేయాలా?

ప్రశ్న: బీకాం అయ్యాక హైదరాబాద్‌లో ఒక డీటీహెచ్ కంపెనీ తెలుగు వాయిస్ ప్రాసెస్‌లో చేరాను. అయిదు నెలలైంది. కొన్ని కాల్స్ నవ్విస్తాయి, ఎక్కువ కాల్స్ ఏడిపిస్తాయి. మానేసి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుందామనుకుంటున్నాను. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు ఒకటి తేల్చుకోండి. మిమ్మల్ని విసిగిస్తున్నది కస్టమర్లా, ఏహెచ్‌టీ (ఒక్కో కాల్‌కు పట్టే సగటు సమయం) లెక్కా? నన్ను కలిసే కాల్ సెంటర్ పిల్లలు కస్టమర్ల మీదే చెబుతారు గానీ, కాస్త కదిపితే బయటికొచ్చేది రెండోదే. అవతలి మనిషి గోడు సగంలో ఉండగానే స్క్రీన్ మీద సెకన్లు పరుగెడుతుంటాయి. తొందరపెడితే కాల్స్ విని చూసే క్వాలిటీ వాళ్లు మార్కులు కోస్తారు, వింటూ కూర్చుంటే టీఎల్ (టీమ్ లీడర్) పిలుస్తారు. అసలు టెన్షన్ అక్కడ.

మీరు నవ్వుకునే కాల్స్‌లోనే దీనికి కొంత మందుంది. “బొమ్మ రావట్లేదు” అంటారు. బాక్సు ఆపి ఆన్ చేయమంటే “ఆఁ”, కేబుల్ చూడమంటే “ఆఁ”. చివరికి టీవీలో ఏం కనిపిస్తోందని అడిగితే, “నేను బస్సులో ఉన్నానమ్మా, ఇంటికెళ్లి చూస్తా” అంటారు. ఇంకో పెద్దాయన మీరు మాట్లాడుతున్నంతసేపూ ఒకటి నొక్కుతూనే ఉంటారు, తెలుగు కోసం నొక్కమన్నారని! ఇకమీదట “టీవీ ముందే ఉన్నారా అండీ, కరెంటు ఉందా?” అని అడిగాకే మిగతాది మొదలుపెట్టండి. చాలా నిమిషాలు కలిసొస్తాయి. అన్నట్టు, మ్యూట్‌ను నమ్ముకుని కామెంట్లు చేయకండి. కొన్ని సిస్టమ్స్‌లో అదీ రికార్డవుతుంది.

మ్యాచ్ చివరి ఓవర్లో రీఛార్జ్ అయిపోయిన మనిషికి “శాంతించండి సార్” అంటే ఇంకా మండుతుంది. ముందు మాట్లాడనివ్వండి. తర్వాత “నిన్న సాయంత్రం డబ్బు కట్టారు, చానళ్లు మాత్రం రాలేదు, అంతే కదండీ?” అని ఆయన గోడే ఆయనకు చెప్పండి. విన్నారని తెలిశాక చాలామంది గొంతు తగ్గిస్తారు. బూతుల సంగతి వేరు. అవి పడాల్సిన పని లేదు. ఎన్ని హెచ్చరికల తర్వాత కాల్ కట్ చేయవచ్చో టీఎల్‌ను మెయిల్‌లో అడిగి ఉంచుకోండి. అలాంటి కాల్ వస్తే కాల్ ఐడీ రాసుకుని వెంటనే చెప్పండి.

ఇక బ్యాంకు పరీక్షలు. ప్రభుత్వ బ్యాంకులకు ఉమ్మడి పరీక్షలు పెట్టే ఐబీపీఎస్‌లో క్లర్క్‌కు వయసు 20–28 ఏళ్లు, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్)కు 20–30. మీకు టైముంది కాబట్టి రేపే రాజీనామా అక్కర్లేదు. క్లర్క్ ప్రిలిమ్స్‌లో గంటలో వంద ప్రశ్నలు. వేగం రోజువారీ ప్రాక్టీసుతో వస్తుంది, దానికి రోజంతా ఖాళీగా ఉండనవసరం లేదు. ఫిక్స్‌డ్ షిఫ్ట్ దొరుకుతుందేమో అడగండి. రొటేషన్ షిఫ్టులైతే మాత్రం చదువు సాగడం కష్టం, అప్పుడు మానేయాలన్న ఆలోచనలో న్యాయముంది. పీవోకు ఇంటర్వ్యూ ఉంటుంది. కోపంగా వచ్చిన ఖాతాదారుతో ఎలా మాట్లాడతారని అడిగితే మీ దగ్గర పుస్తకం జవాబు కాదు, సొంత జవాబు ఉంటుంది.

బ్యాంకు మీద అంత మనసు లేకపోతే, చాట్, ఈమెయిల్ ప్రాసెస్‌లకో, క్వాలిటీ టీమ్‌కో ఐజేపీ (కంపెనీలోని ఖాళీలకు అక్కడి ఉద్యోగులే దరఖాస్తు చేసుకునే పద్ధతి) ద్వారా మారవచ్చు. దానికి ఎన్ని నెలల సర్వీసు కావాలో హెచ్ఆర్‌ను కనుక్కోండి. వార్నింగ్ లెటర్లు లేకుండా చూసుకోండి.

ఒకవేళ మానేయాలనే అనుకుంటే, కొందరిలా ఒకరోజు నుంచి ఫోన్ ఎత్తకుండా మాయం కావద్దు. నోటీసు పీరియడ్ పూర్తిచేసి రిలీవింగ్ లెటర్ తీసుకోండి, పీఎఫ్ యూఏఎన్ నంబరు (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) రాసిపెట్టుకోండి. తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మొదట అడిగేది ఆ లెటరే.