మాత్ర సరే, మరి కడుపు సంగతి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గాజువాకలో టైలరింగ్ చేస్తాను. హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మాత్ర చాలా ఏళ్లుగా వేసుకుంటున్నాను. పరీక్షలో వైరస్ కనబడటం లేదన్నారు. కానీ కడుపుబ్బరం, తరచూ విరేచనాలు. రోజూ రాత్రి గ్యాస్ సిరప్పు తాగి, వెంటనే మాత్ర వేసుకుంటున్నాను. హెచ్‌ఐవీ ఉంటే పేగుల్లో మంచి బ్యాక్టీరియా తగ్గుతుందట, బ్యుటిరేట్ క్యాప్సూల్స్ వాడమంటున్నారు. కొనమంటారా డాక్టరు గారూ?

జవాబు: అమ్మా, ముందు ఆ సిరప్పు సంగతి తేల్చుకుందాం. మీరు వేసుకునేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర అయితే, సిరప్పులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ని పట్టేసుకుని ఒంటికి సరిగా ఎక్కనివ్వవు. మాత్ర వేసుకున్నాక కనీసం 2 గంటలు ఆగి సిరప్పు తాగండి. ముందే తాగేస్తే 6 గంటల తర్వాతే మాత్ర. కాల్షియం, ఐరన్ బిళ్లలకీ ఇదే లెక్క, కాకపోతే భోజనంతో అయితే వాటిని మాత్రతో కలిపి వేసుకోవచ్చు. ఈ రోజు నుంచే మార్చండి. మాత్ర మాత్రం మానొద్దు.

మీరు విన్నదాంట్లో నిజం ఉంది. మన రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగు గోడలోనే ఉంటుంది. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లోనే అక్కడి సీడీ4 అనే రక్షక కణాలు బాగా నశిస్తాయి. గోడ బలహీనపడి, బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారి, ఒంట్లో పైకి కనబడని సన్నని వాపు (ఇన్‌ఫ్లమేషన్) నిలిచిపోతుంది. మందులతో వైరస్ అణిగినా ఈ నష్టం చాలామందిలో పూర్తిగా పూడదు. అందుకే రిపోర్టు బాగున్నా కడుపు బాగోలేదని మీరంటే నేను నమ్ముతాను.

మనం అరిగించుకోలేని పీచుని పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు పొరలోని కణాలకు ముఖ్యమైన తిండి ఈ బ్యుటిరేటే. దాన్ని తయారుచేసే ఫీకాలిబ్యాక్టీరియం లాంటి మంచి బ్యాక్టీరియా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో తక్కువగా కనిపించాయని చాలా పరిశోధనల్లో తేలింది. అయినా క్యాప్సూల్స్ కొనమని చెప్పను. వాటివల్ల మీలాంటివాళ్లకు మేలు జరుగుతుందని గట్టి రుజువు లేదు. ఆ డబ్బుతో రైతు బజార్లో చోళ్లు (రాగులు), ఉలవలు, అరటికాయలు, తోటకూర కొనుక్కోండి.

రాత్రి రెండు చెంచాల చోడిపిండి నీళ్లలో కలిపి ఉంచి, పొద్దున్న బాగా ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసుకుని తాగండి. వారం ఆగి కొంచెం పెంచండి. ఒక్కసారే పెంచితే ఉబ్బరం ఇంకా ఎక్కువవుతుంది. విరేచనాలున్న రోజు ఈ పీచు తిండి ఏదీ వద్దు, మెత్తటి అన్నం, ఓఆర్‌ఎస్ చాలు.

ఇవి చేస్తూనే ఏఆర్‌టీ సెంటర్లో మల పరీక్ష అడగండి. ఇన్నాళ్ల విరేచనాలకు పరాన్నజీవి కూడా కారణం కావచ్చు, దానికి వేరే మందు ఉంటుంది. మొహమాటపడకండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.